ఒక్కపొద్దు

ఉరవకొండ తాసిల్దారాఫీసు వెనక గదిలో
ఒక ఇంగ్లీషు నిఘంటువుంది. అట్ట లేదు.
మొదటి పుటలు తింటూ వచ్చిన చెదలు
ఎందుకో ఎకరం దగ్గర ఆగిపోయాయి.
కాళ్ళు విరిగిన బీరువాకి
ఇన్నేళ్ళూ అది ఎత్తుపీట.

సర్వరు పడిపోయిన ఒక మధ్యాహ్నం
బీరువా కింద ఇటుక పెట్టి దాన్ని లాగాను,
మట్టి ఊది చదివాను.

వాళ్ళ పాత పలుకుబడిలో
ఎకరమంటే ఉత్త చేనేనట, ఎంతన్న లెక్క లేదు.
ఇంకా వెనక్కి పోతే చేను కూడా కాదు,
గొడ్లను తోలుకుపోయే బయలు.
మన సంస్కృతంలో అజ్రం దానికి దాయాది.
రెండిటికీ వేరు ఒకటే: తోలడం.

తర్వాతెప్పుడో ఎవరో
కాడి కట్టిన ఎద్దులు ఒక్క పొద్దులో దున్నినంత నేల చూసి
తిరిగే మాటని తెచ్చి
అక్కడ గుంజకి కట్టేశారు.

నేను సర్వే డిప్లొమా చదివినదాన్ని.
ఎకరాకి నూరు సెంట్లు,
నాలుగువేల ఎనిమిదొందల నలభై గజాలు,
రెండు మార్కుల ప్రశ్న.
అందులో ఎద్దులున్నాయని
ఒక్క మేష్టరూ చెప్పలేదు.

మర్నాడు వజ్రకరూరు అవతల
ఓబుళపతికీ లింగమయ్యకీ గట్టు తగాదా.
మూడు సెంట్లు. రెండు తలపగుళ్ళు, ఒక కేసు.
రోవరు నిలబెట్టాను.
పైన పదిహేడు ఉపగ్రహాలు దొరికాయి,
కింద హద్దురాయి దొరకలేదు.

కుళ్ళాయప్పని పిలిపించాను.
ముప్పై ఏళ్ళు గొలుసు లాగిన మనిషి,
టీ కొట్టుకి నడిచినా
అడుగులు లింకుల్లోనే పడతాయి.
రాయి వెతుకుతుంటే ఊరకే, చదివింది చెప్పాను.
కూర్చుని నవ్వాడు, దగ్గొచ్చేదాకా.

"ఒక్క పొద్దులో ఎకరమా!
యా సీమ ఎద్దులమ్మా అవి?
దినామూ వాన పడే నేలయ్యుంటాది.
ఈడ పదునుంటేనే మడక దిగేది.
పదునారినంక కర్రు కాదు, తిట్టు గూడ దిగదు నేలలోకి.
మా నాయన సుక్క పొడిసినప్పుడు కాడి కడితే
ఎండెక్కేతలికి ఇడిసిపెడతాండె.
ఎద్దు నోట నురగ జూసి మాయమ్మ
సంగటి ముద్దలో సగం దానికే పెడతాండె.
అరెకరం తెగితే ఆ పొద్దు పండగ.
మన ఎకరానికి రెండు పొద్దులు, రాసుకో.
వాన రాని ఏడు, ఏడంతా ఒక్కపొద్దే,
మాకూ, నేలకూ, ఎద్దుకూ."

ఎండ మాడు మీదికొచ్చింది.
ట్యాబు పక్కన పెట్టి పాత గుడ్డ పటం పరిచాను,
మడతల్లో చిరిగి, ముక్కపురుగు వాసనతో.
ఇద్దరి పొలాల నడుమ
సన్నటి చుక్కల గీత, జంటగా.
పక్కన సిరా వెలిసిన అక్షరాలు:
గొడ్ల దోవ.

మూడు సెంట్లు.
అటొక సాలు, ఇటొక సాలు
ఏడాదికింత కొరుక్కుంటూ
ఇద్దరూ కలిసి తిన్న దోవ.

"గొడ్లేడున్నాయి ఇప్పుడు?" అన్నాడు లింగమయ్య,
ట్రాక్టరు బోనెట్ మీద చెయ్యి వేసుకుని.
ఓబుళపతి ఏమీ అనలేదు.
కేసు పెట్టాక వాళ్ళిద్దరూ
ఒక మాట మీద నిలబడటం
ఇదే మొదలనుకుంటాను.

ట్యాబులో యజమాని పేరు అని ఒక గడి.
ఖాళీ వదిలితే ముందుకి పోనివ్వదు.
అందులో ఒక క్రియని రాయొచ్చో లేదో
శిక్షణలో నేర్పలేదు.

నేనింకా వేలు గాల్లో ఉంచుకుని చూస్తుండగా
తంగేడు పొదల వెనకనించి బొంత గొంగళొకటి లేచింది,
దాని ముందు ఎనభై గొర్రెలు.
పటం చూడలేదు, మమ్మల్నీ అడగలేదు.
లింగమయ్యకీ ఓబుళపతికీ నడుమగా
శెనిక్కాయ మోళ్ళు కొరుకుతూ
దుమ్ము లేపుకుంటూ నడిచిపోయాయి.
ఒకటి రోవరు కాలు రాసుకుని పోయింది.
తెర మీద అంకెలు కాసేపు ఊగాయి.

కుళ్ళాయప్ప చెయ్యెత్తి
"ట్రూవ్... ట్రూవ్..." అన్నాడు,
తన మందే అయినట్టు.